అరపేజీకి కుదించిన పాట

ప్రూఫులు చూసినవాడికి చివరికి గుర్తుండేవి తప్పులే. ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేశాను. సరిగ్గా వచ్చిన శుభలేఖ ఒక్కటీ నాకు గుర్తు లేదు. వరుడి ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయిన శుభలేఖ, పురుగుమందు కరపత్రంలో మిల్లీలీటర్లు పడాల్సిన చోట లీటర్లు పడిన సంగతి మాత్రం పేజీతో సహా కళ్ళముందు ఉంటాయి. ఇప్పుడు ప్రెస్సుల్లో పనిచేస్తున్న మీరు కనబడినప్పుడల్లా అలాంటివి చెప్పించుకుని నవ్వుతుంటారు. ఈ సంగతి మాత్రం మీకెవరికీ చెప్పలేదు. ఇందులో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే.

నాది చివరి చూపు ఉద్యోగం. కంపోజింగు, డిజైను, దిద్దుబాట్లు అయ్యాక ప్రూఫు నా బల్ల మీదికి వచ్చేది. నేను ఎర్రసిరాతో సంతకం పెడితేనే ప్లేటు తయారయ్యేది, మిషను తిరిగేది. నా వెనక బల్ల మా ఆర్టిస్టుది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. కనిగిరివాడు. వాళ్ళ నాన్న అక్కడ దర్జీ, అన్న కూడా దర్జీయే. ఇతను మాత్రం సైన్‌బోర్డులు రాస్తూ రాస్తూ గుంటూరు చేరాడు. నలుగురు కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఎక్కడెక్కడి బొమ్మలో తెచ్చి అతికిస్తుంటే, ఇతనొక్కడే చేత్తో గీసేవాడు. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద విచ్చిన కాయ, మిరప విత్తనాల ప్యాకెట్ మీద ఎర్రటి గుత్తి అతనివే.

"మిరపకాయకి తొడిమ దగ్గర మెడ ఉంటుంది అన్నా. అది కుదిరితే మిగతా కాయంతా దానంతటదే వస్తుంది," అనేవాడు.

సీజన్లో మిర్చియార్డుకి పోయే లారీలు మా వీధిలోంచి వెళ్ళేవి. ఒక లారీ వెళితే ప్రెస్సు మొత్తం వరసగా తుమ్మేది. తుమ్ము వచ్చినప్పుడు అందరూ చేతిలో పని వదిలేసేవాళ్ళం, అతను మాత్రం కుంచె పైకెత్తి పట్టుకుని, తుమ్మి, మళ్ళీ అదే గీత మీద దించేవాడు. నేను కుర్చీ వెనక్కి తిప్పుకుని ఆ చెయ్యి చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో చెప్పలేను. నల్లపాడులో మా ఇంటినుంచి బయల్దేరేటప్పుడు ప్రెస్సుకి వెళుతున్నాననుకునేవాణ్ణి గానీ, నిజానికి వెళ్ళింది ఆ బల్ల దగ్గరికి.

ఆ బల్లకి పైన గోడమీద ఒక పాత ఫ్రెంచి బొమ్మ అంటించి ఉండేది. నూట యాభై ఏళ్ళకు పైబడినది. పాత కాగితాల కొట్లో, తూకానికి వచ్చిన పుస్తకాల మధ్య దొరికిందట. కాగితం వెనకంతా పత్రిక అచ్చు. ముందువైపు ఒక హాలు, అంతా నలుపు బూడిదరంగుల్లో. ఒక అమ్మాయి పియానో ముందు కూర్చుని పాడుతోంది. పక్కన వాళ్ళమ్మ నగలన్నీ పెట్టుకుని గర్వంగా నిలబడింది. ఎదురుగా అతిథులు. ఒకాయన నోరంతా తెరిచి ఆవులిస్తుంటే ఆయన భార్య విసనకర్ర అడ్డం పెడుతోంది. ఒక ముసలాయన గడ్డం రొమ్ముకి ఆనించి నిద్రపోతున్నాడు. ఇంకొకాయన టోపీ చేత్తో పట్టుకుని, వెళ్ళలేక ఉండలేక తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు.

"ఇది రాతి మీంచి తీసిన అచ్చు అన్నా. జిడ్డు పెన్సిలుతో రాయి మీద గీసి, తడిపి, సిరా పూసి తీసేవాళ్ళు. మన ఆఫ్‌సెట్‌కి తాత. ఆ ముసలాయన బుగ్గ మీద నీడ చూడు, బూడిద ఊదినట్టు లేదూ? మన అచ్చులో పడే చుక్కల్లో అది రాదు."

బొమ్మ కింద రెండు వరుసలు ఫ్రెంచిలో ఉండేవి. కాలేజీలో ఫ్రెంచి చెప్పే ఒక లెక్చరరుగారు గృహప్రవేశం కార్డులు వేయించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ చేత చదివించాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "అప్పుడే లేస్తారేం, కూర్చోండి. మా అమ్మాయికి వచ్చిన పాటల్లో ఇంకా ఆరే మిగిలాయి." చదివి తనే నవ్వింది. "మా పిన్ని ఇంటికి వచ్చి వేసినట్టున్నాడండీ."

కాస్త డబ్బు, కొత్త సోఫాలు వచ్చిన అప్పటి పారిస్ కుటుంబాల మీద ఇలాంటి బొమ్మలు వేసేవారని, ఆ కుటుంబాలే పత్రిక కొనుక్కుని తమని తాము చూసి నవ్వుకునేవని కూడా చెప్పింది. ఆ మాట మావాడికి బాగా పట్టేసింది. "వాళ్ళ మీద వేస్తే వాళ్ళే కొనుక్కున్నారంట అన్నా," అని వారం రోజులు అన్నాడు.

ఆ మాటే మా కొంప ముంచింది.

ఊళ్ళో బాగా బతికినవాళ్ళ కాలనీ ఒకటి పాతికేళ్ళ ప్రత్యేక సంచిక వేయించడానికి మా దగ్గరికి వచ్చింది. సంఘం అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరుగారు. కార్యదర్శి మిర్చి వ్యాపారి. ప్రతి నెలా ఎవరో ఒకరి ఇంట్లో కుటుంబాలన్నీ కలుసుకుంటాయి, పాటలు, ఫలహారాలు ఉంటాయి, దాని మీద నిండు పేజీ బొమ్మ కావాలన్నారు.

"ఫోటోలు అందరూ వేస్తారు. మాకు చేత్తో వేసిన బొమ్మ కావాలి. సరదాగా ఉండాలి," అన్నాడు కార్యదర్శి.

"సరదాగానా అండీ?" అని మావాడు రెండోసారి అడిగాడు.

"సరదాగానే అయ్యా. మేమేం ముసలాళ్ళమా?"

ఆ నెల కలయిక ఇంజనీరుగారి ఇంట్లో. మా ఇద్దర్నీ పిలిచారు. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఇంజనీరుగారి భార్య పాడింది. యాభై దాటిన మనిషి. పెళ్ళికి ముందు పదేళ్ళు నేర్చుకున్నదట, పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టింది. శ్రుతిపెట్టె ఆన్ చేసి, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. కార్యదర్శి ఫోన్లో యార్డు రేట్లు చూసుకుంటున్నాడు. డాక్టరుగారు మొదటి పాటకే నిద్రపోయాడు. ఇద్దరు ఆడవాళ్ళు చీర అంచు మీద పందెం వేసుకున్నంత గట్టిగా గుసగుసలాడుతున్నారు. ఒకాయన వంటింట్లోంచి వచ్చే బజ్జీల పళ్ళెం కోసం మెడ సాచి చూస్తున్నాడు. ఇంజనీరుగారు మాత్రం భార్యవంక చూస్తూ తొడమీద తాళం వేశారు, అదీ తప్పు తాళమని మావాడు నాకు తర్వాత చెప్పాడు. మావాడు చిన్న నోటుబుక్కులో గీస్తూనే ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నా స్కూటరు వెనక కూర్చుని అన్నాడు, "ఆవిడ చాలా బాగా పాడింది అన్నా. పైస్థాయికి వెళ్ళినా గొంతు చెదరలేదు."

"నాకు సంగీతం తెలీదయ్యా."

"ఆ గదిలో ఎవరికీ తెలీదు. నేను వేసేది అదే."

వారంలో బొమ్మ అయింది. రాయి లేకపోయినా ఆ పాత ఫ్రెంచివాళ్ళలాగే నల్ల మైనపు పెన్సిలుతో వేశాడు. నిద్రపోతున్న డాక్టరు, ఫోను వెలుగులో కార్యదర్శి, బజ్జీల ఆయన, చీర అంచులు, అందరూ ఉన్నారు. చూసి నాకు కడుపు నొప్పి వచ్చేంత నవ్వొచ్చింది. తర్వాత మధ్యలో ఆవిడ కనబడింది, నవ్వాగిపోయింది. ఆవిడని అతను ఎగతాళి చెయ్యలేదు. మూసిన కళ్ళ కింద, తెరిచిన పెదవుల చుట్టూ సన్నటి నీడలు వేశాడు. ఆ ముఖంలో ఎక్కడికో వెళ్ళిపోయిన మనిషి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ మధ్య ఆవిడొక్కతే మెలకువగా ఉన్నట్టు ఉంది.

"బొమ్మ మొత్తానికి ఈ ముఖమే ముఖ్యం అన్నా. ఇది తెలిస్తే మిగతావాళ్ళని చూసి వాళ్ళే నవ్వుకుంటారు," అన్నాడు.

డెలివరీకి రెండు రోజుల ముందు శుక్రవారం మధ్యాహ్నం కార్యదర్శి పరిగెత్తుకొచ్చాడు. ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళ అరపేజీ ప్రకటన వేయాల్సిందేనట. పేజీలు పెంచడానికి లేదు. మావాడు నమాజుకి వెళ్ళి ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగొచ్చు. నేను ఆగలేదు. కుర్రాడి చేత నిండు పేజీ బొమ్మని అరపేజీకి కుదించి, కింద ప్రకటన పెట్టించాను. కార్యదర్శికి ఫోన్లో పంపితే వేలెడు బొమ్మ చూసి ఓకే అన్నాడు.

సాయంత్రం ప్రూఫు వచ్చింది. మావాడు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా, ఈమె ముఖం పూడుకుపోయింది. నీడలన్నీ కలిసిపోయినాయి. నోరు నల్లటి గుంటలాగ పడింది చూడు."

చూశాను. నిజమే. సన్నటి నీడలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అరుస్తున్న మనిషిలా ఉంది.

"ఒక్క పూట ఇవ్వు. ఈ సైజుకి మళ్ళీ వేసిస్తాను."

"రేపు ఉదయం బైండింగుకి వెళ్ళాలయ్యా. అంత చిన్నబొమ్మలో ఎవరు చూస్తారు? బాగానే ఉందిలే," అని సంతకం పెట్టాను.

అతను నా చేతి కిందినుంచి ప్రూఫు తీసి ఫైల్లో పెట్టాడు.

ఆదివారం సాయంత్రం ఆవిష్కరణ. కట్టలు దించి మేమిద్దరం వెనక నిలబడ్డాం. సభ మొదలవకముందే సంచికలు పంచేశారు. బొమ్మ పేజీ దొరకగానే హాల్లో నవ్వులు మొదలయ్యాయి. నేను మావాడి భుజం తట్టాను. పక్కవాణ్ణి గుర్తుపట్టి ప్రతివాడూ నవ్వాడు. తనని తాను గుర్తుపట్టినవాడు ఆగిపోయాడు. డాక్టరుగారు పుస్తకం మూసేశాడు. కార్యదర్శి లేచి బయటికి వెళ్ళి ఫోన్ మాట్లాడటం మొదలుపెట్టాడు. చివరికి రెండో వరసలో ఎవరో ఆడమనిషి, "అయ్యో, ఈవిణ్ణి చూడండి, నోరు," అని పకపకా నవ్వింది.

ఇంజనీరుగారి భార్య వేదిక మీద ప్రార్థనగీతం పాడటానికి సిద్ధంగా ఉంది. చేతిలో సంచిక ఉంది. ఆవిడ ఆ పేజీ చూసింది. తర్వాత తల ఎత్తి హాల్లో ఉన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కరినే చూసింది. ఇన్నేళ్ళుగా తను కళ్ళు మూసుకుని పాడుతుంటే ఎదురుగా ఏం జరుగుతోందో ఆవిడకి అప్పుడే తెలిసింది. మైకు ముందుకి రాలేదు. వేదిక వెనక మెట్లమీదుగా దిగి వెళ్ళిపోయింది.

మావాడు గోడకి ఆనుకుని, "నా బొమ్మ అది కాదు అన్నా," అన్నాడు. అంతే.

సోమవారం ఉదయం నేను వెళ్ళేసరికి అతను ఫైలు తీసి చూస్తున్నాడు. నా సంతకం ఉన్న ప్రూఫుని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో, టిఫిన్ డబ్బా కింద పెట్టుకున్నాడు. నన్ను చూశాడు. ఏమీ దాచుకోలేదు.

పది గంటలకి ఇంజనీరుగారు వచ్చారు. కేకలు వేస్తారనుకున్నాం. ఓనరుగారి గదిలో కుర్చీ అంచున కూర్చుని, "మా ఆవిడ నిన్నటినుంచి మాట్లాడటం లేదండీ. ఎవరు వేశారది?" అని అడిగారు. ఆ మెల్లటి గొంతే భరించలేకపోయాం.

"నేనండి," అన్నాడు మావాడు.

"ప్రూఫు ఎవరు పాస్ చేశారు?" అని ఓనరుగారు నావైపు తిరిగారు. ఫైలు తెప్పించారు. అందులో లేదు.

"తొందర్లో సంతకం చేయించకుండానే ప్లేటుకి పంపానండి. ఆయన చూడలేదు," అన్నాడు మావాడు.

అప్పుడు నేను నోరు తెరవాలి. చెప్పాల్సినవి రెండే మాటలు. సంతకం నాది. ఆవిడ పాట బాగుందని ఇతను అన్నాడు, అందుకే వేశాడు. ఆ రెండో మాట చెప్పి ఉంటే ఇంజనీరుగారు ఇంటికి తీసుకెళ్ళి ఉండేవారు, ఆవిడకి చెప్పి ఉండేవారు. రిటైర్మెంటుకి నాకింకా మూడేళ్ళుంది. నేలమీద పడి ఉన్న రబ్బరు ముక్కని చూస్తూ నిలబడ్డాను. ఆ ముక్క ఆకారం ఇప్పటికీ చెప్పగలను.

ఓనరుగారు అతన్ని ఆ రోజే మానిపించారు. మధ్యాహ్నం కుంచెలు, పెన్సిళ్ళు సర్దుకున్నాడు. ఫ్రెంచి బొమ్మని గోడమీంచి తడిగుడ్డతో ఓపిగ్గా ఊడదీసి, చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నాకేం అన్నా, కుంచె ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు," అని వెళ్ళిపోయాడు.

అతను వదిలేసిన సొంత బొమ్మని, మైనపు పెన్సిలుతో వేసిన అసలుదాన్ని, నేను నా సొరుగులో పెట్టుకున్నాను. ఏడాదిపాటు అతనికి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏం మాట్లాడాలో తెలియలేదు. అతని బల్ల మీద కంప్యూటరు పెట్టారు. లారీ వెళ్ళి అందరం తుమ్మినప్పుడల్లా అలవాటుగా కుర్చీ వెనక్కి తిప్పేవాణ్ణి.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఇంజనీరుగారి భార్య ఒంటరిగా ప్రెస్సుకి వచ్చింది. మనవడి పుట్టినరోజు కార్డులకని చెప్పింది. కార్డుల మాట అయ్యాక కూడా లేవలేదు.

"ఆ బొమ్మ వేసినాయన ఉన్నారా అండీ? నేను అంత వికారంగా పాడుతున్నానా అని ఒక్కసారి అడుగుదామని. ఇంట్లో అడిగితే అబద్ధం చెబుతారు."

సొరుగు తీసి అసలు బొమ్మ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. తన ముఖాన్ని వేలితో ముట్టుకోబోయి ఆగింది.

"ఇది నేనా?"

"మీరేనమ్మా. మీరు బాగా పాడారని అతను ఆ రోజే చెప్పాడు. బొమ్మని కుదించి పాడుచేసింది నేను. అతను ఒక పూట ఆగమన్నా వినకుండా సంతకం పెట్టింది నేను. మీవారి ముందు నోరు మూసుకుని నిలబడింది కూడా నేనే."

ఆవిడ నన్ను తిట్టలేదు. "ఏడాది నుంచి శ్రుతిపెట్టె ముట్టుకోలేదండీ," అంది బొమ్మవంకే చూస్తూ. కాసేపటికి, "ఆయన్ని ఒకసారి పిలుస్తారా? ఒక్కరు విన్నా చాలు, ఆ విన్నవాళ్ళు ఎదురుగా ఉంటే పాడాలని ఉంది," అంది.

మర్నాడే కనిగిరి బస్సెక్కాను. వాళ్ళ అన్న దర్జీ కొట్లో కూర్చుని ఎదురుచూశాను. చుట్టుపక్కల ఊళ్ళలో బడి గోడలకి బొమ్మలు వేస్తున్నాడట. మధ్యాహ్నానికి మోచేతులదాకా నీలంరంగుతో వచ్చాడు. నన్ను చూసి, నిన్ననే విడిపోయినట్టు, "ఎంతసేపయింది అన్నా వచ్చి? అన్నం తిందువు గానీ రా," అన్నాడు.

అన్నం దగ్గర అంతా చెప్పాను. నా తప్పు ఒప్పుకున్నాను. "నువ్వు చెబితే ఇద్దరం పోయేవాళ్ళం. దాన్ని పట్టుకుని ఏడాది కూర్చున్నావా?" అని పప్పు వడ్డించాడు. ఆవిడ పాడటం మానేసిందని చెప్పినప్పుడు మాత్రం తినడం ఆపాడు. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

"ఆదివారం వస్తా అన్నా," అన్నాడు.

ఆదివారం నాలుగింటికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఇంజనీరుగారు తనే కుర్చీ వేసి, పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళారు. ఆవిడ శ్రుతిపెట్టె తుడిచి పెట్టుకుని ఉంది. అయిదయింది. అయిదున్నర అయింది. మావాడు ఫోను ఎత్తలేదు. ప్రతి ఆటో చప్పుడుకీ ఆవిడ గేటువైపు చూసింది. ఆరు దాటాక, "శ్రుతి పెట్టాను కదండీ, పాడేస్తాను," అని కళ్ళు మూసుకుంది.

ఏ రాగమో నాకు తెలియదు. ఎక్కడ మెచ్చుకోవాలో తెలియదు. ఫోను ఆపేసి జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. మొదట్లో గొంతు బెరుకుగా, ఏడాది పాటు తెరవని తలుపులా కిర్రుమంది. రెండో పాటకి సర్దుకుంది. వరండాలో ఇంజనీరుగారు పేపరు తిప్పడం మానేశారు. పక్కన అతనుంటే, ఇదిగో ఇక్కడ విను అన్నా అని మోచేత్తో పొడిచేవాడు. వినడానికి చెవులు రెండూ ఉన్నాయి గానీ, ఏం వినాలో చెప్పే మనిషి లేడు.

మర్నాడు అతనే ఫోన్ చేశాడు.

"నిన్న ఏమైపోయావయ్యా?"

"చిలకలూరిపేట దాకా వచ్చా అన్నా. అక్కడ దిగి వెనక్కి బస్సెక్కేశా."

"ఎందుకని?"

"ఆవిడ ఎదురుగా కూర్చుంటే నా చెయ్యి ఊరుకోదు. ఏం కనపడితే అది వేసేస్తాను. మళ్ళీ ఏమవుతుందోనని భయమేసింది." తర్వాత తనే అడిగాడు. "పాడిందా?"

"రెండు గంటలు పాడింది. నేను కదల్లేదు."

"మంచిది అన్నా. ఉంటా," అని పెట్టేశాడు.

అసలు బొమ్మని ఆవిడకే ఇచ్చేశాను. ఆవిడ ఇప్పుడు కాలనీ కలయికల్లో పాడదు. సాయంత్రాలు ఇంట్లో తలుపు తీసిపెట్టి పాడుకుంటుందని, వినాలనుకున్నవాళ్ళు వెళ్ళి కూర్చుంటారని విన్నాను. కొంతమందైనా వెళుతున్నారట. నేను రిటైరయ్యాను. మీరు తెరమీద బొమ్మని ఎంత పెద్దదైనా చేసి చూడగలరు, చిన్నది చేసినప్పుడు అందులోంచి ఏం పోతోందో కూడా ఒకసారి చూడండి. ఒక పూట ఆగమని వేసినవాడు అడిగితే ఆగండి. ఇంతకంటే మీకు చెప్పగలిగే విద్య నా దగ్గర లేదు.

అతని నంబరు ఇప్పుడు పనిచెయ్యడం లేదు. పని పల్నాడువైపు మళ్ళిందని, పిడుగురాళ్ళ దగ్గర కొన్నాళ్ళు ఉన్నాడని వాళ్ళ అన్న చెప్పాడు. పెళ్ళికో పేరంటానికో ఏ ఊరు వెళ్ళినా నేను బస్సులో కిటికీ పక్కనే కూర్చుంటాను. దారిలో బడి కనబడితే గోడ చూస్తాను. కొన్ని గోడల మీద రంగు ఇంకా కొత్తగా ఉంటుంది, గీత చూడగానే చెయ్యి ఎవరిదో తెలిసిపోతుంది. ఆ గోడకి ఆనించి నిచ్చెన ఏమైనా ఉందేమోనని, బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంటాను.